ఏటిగట్టున గీయవలసిన గీత
అమెరికా మత్స్య వన్యప్రాణి శాఖ సంచాలకులకు బహిరంగ లేఖ

మహాశయా,

మీ కార్యాలయమునకు నిత్యమును చేరు విజ్ఞాపనలలో పశుపోషకుల సంఘములు పంపునవి కొన్నియు, పక్షిప్రియుల సంఘములు పంపునవి కొన్నియు, నీటిపారుదల సంస్థల న్యాయవాదులు పంపునవి మరికొన్నియు నుండుననియు, ఆ మూడు తెగలలో దేనికిని జెందని యొక పౌరుడు, గట్టిగా పన్నెండు గ్రాములు తూగని యొక పిట్ట నిమిత్తము, మీ కచేరీలో చదువగలవారుందురో లేదో తెలియని తెలుగు లిపిలో, పదిమంది యెదుట లేఖ వ్రాయుట మీకు వింతగా దోపవచ్చుననియు నేనెరుగుదును. తెలుగున వ్రాయుటకు కారణము లేకపోలేదు. అరిజోనా రాష్ట్రమున ఫీనిక్స్ నగరమును, దాని చుట్టునున్న చాండ్లర్, టెంపీ, మేసా మొదలగు పట్టణములును నేడు వేలకొలది తెలుగువారికి నివాసస్థానములు. ఆ యిండ్ల కుళాయిలలో వచ్చు నీటిలో గణనీయమైన భాగము, 1911లో నిర్మాణము ముగిసిన రూజ్‌వెల్ట్ ఆనకట్ట వెనుక నిలిచి, సాల్ట్ నది కాలువల వెంట దిగివచ్చునదే. ఆ నీటిని ద్రావుచు, దానితో పెరటి నిమ్మచెట్ల పాదులు తడుపుచు, ఆ నది యెక్కడ పుట్టినదో, దారిలో నెవరి వాటా యేమైనదో యెన్నడును విచారింపనివారము మేము. ఆ నీటికిని, నేను చెప్పబోవు పిట్టకును నడుమ నొక వ్యాజ్యము చిరకాలముగా సాగుచున్నది. వ్యాజ్యమున నొక పక్షమువారికి తాము కక్షిదారులమన్న సంగతియే తెలియకుండుట మంచిది గాదు గనుక, మీతో చెప్పు మాటలు వారును వినవలెనని ఈ భాష నెంచుకొంటిని.

ఆ పిట్టను మీ గ్రంథములు నైరుతి విల్లో ఫ్లైకాచర్ అని పేర్కొనుచున్నవి. విల్లో పొదల నడుమ గూడుకట్టి, ఎగురు పురుగులను గాలిలోనే యందుకొని తినునది గనుక నేను దానిని విల్లో ఈగపిట్ట యనియే వ్యవహరించెదను. జానెడు పొడవైనను లేదు. వీపు బూడిదవన్నె కలిసిన యాకుపచ్చ, కంఠము తెలుపు, పొట్ట లేతపసుపు. చూపరుల కన్ను నిలుపునది దాని మేన నేదియు లేదు. దాయాదులైన తక్కిన ఈగపిట్టల నడుమ నుంచినచో రూపముచేత దానిని గుర్తించుట నిపుణులకును కష్టమే. కూత వినబడిన తరువాతనే నిశ్చయము కలుగును. ఆ కూతయైనను పాట యనదగినంత దీర్ఘమైనది గాదు, తుమ్మువలె తెగిపోవు రెండు ముక్కలు. వర్గీకరణమున పట్టుదలగల శాస్త్రజ్ఞులు దీనిని గాయకపక్షుల పంక్తిలో గూర్చుండనీయరు. ఆ పంక్తిలోనివి పసితనమున పెద్దల పాట విని నేర్చుకొనునవి, ఇది యెవ్వరివద్దను నేర్వక పుట్టుకతోనే తన రెండు ముక్కలను దెచ్చుకొనునది. గురుశుశ్రూష లేని విద్య యైనను దానికి లోపమేమియు లేదు. మెక్సికో, మధ్య అమెరికా దేశములలో చలికాలము గడపి, మే మాసమున ఈ యెడారి నదులకు తిరిగివచ్చిన మగపిట్ట యొక కొమ్మ చివర గూర్చుండి ఆ రెండు ముక్కలనే పలుకుచు, ఈ పొద తనదని చేయు ప్రకటనకు, మీ రాజపత్రములో వందల పుటలు నిండు ప్రకటనలకన్న స్పష్టత యెక్కువయని చెప్పినచో మీరు కోపింపరనుకొందును.

1948లో అలెన్ ఫిలిప్స్ అను పక్షిశాస్త్రవేత్త దీనిని ప్రత్యేకమైన యుపజాతిగా వర్ణించెను. 1995లో మీ శాఖ దీనిని అంతరించు ప్రమాదముగల జీవుల పట్టికలో జేర్చెను. నడుమ గడచిన యర్ధశతాబ్దిలోను, దానికి ముందు మరియొక యర్ధశతాబ్దిలోను, కాలరాడో, హీలా, సాల్ట్, రియో గ్రాండ్ మొదలగు నదులకు ఆనకట్టలు కట్టి, కాలువలు ద్రవ్వి, గట్లు బిగించి, ఇరుప్రక్కల నేలను పంటలకును పురములకును వశము చేసికొనిన కథ మీకు నేను చెప్పవలసినది గాదు. నీటియొడ్డున దట్టముగా నల్లుకొని, మొదళ్ల తడి యారని పొదలు దీనికి గావలెను. అట్టి పొదలు నైరుతి దేశమున మొదటినుండియు సన్నని నాడలవలె నదుల వెంటనే యుండెను. ఆ నాడలు తెగిపోయినవి. మిగిలినచోట్ల గూళ్లలో కౌబర్డ్ అను పరాశ్రయపు పిట్ట తన గ్రుడ్లు పెట్టిపోయెను. 2002లో మీ శాఖ సిద్ధపరచిన పునరుద్ధరణ ప్రణాళిక 1,950 స్థావరములైన నుండిననే దీని ప్రమాదస్థాయిని తగ్గించుటను గూర్చి యోచింపవచ్చునని చెప్పినది. 2007 నాటి గణన ప్రకారము ఉన్నవి 1,299.

నా విన్నపము అంతయు ఒక గీతను గూర్చి. అంతరించు ప్రమాదముగల జీవులను గూర్చిన 1973 నాటి మీ శాసనము, ఒక జీవిని పట్టికలో జేర్చునపుడే, వీలైనంతవరకు దానికి అత్యావశ్యకమైన ఆవాసమును గూడ నిర్ణయించి పటముమీద చూపుమని ఆజ్ఞాపించుచున్నది. ఆ యావాసమును శాసనము రెండు తెరగుల నిర్వచించినది: జీవి నివసించుచుండగా, దాని మనుగడకు మూలమైన లక్షణములు గలిగి, ప్రత్యేకమైన పర్యవేక్షణ నపేక్షించు నేల యొకటి, ప్రస్తుతము జీవి లేకున్నను, దాని పరిరక్షణకు తప్పనిసరియైన నేల మరియొకటి. ఈ గీతను గూర్చి పల్లెలలో ప్రచారమునందున్న భయము మిక్కుటమైనది. గీత పడినచో పొలము సర్కారు పాలగుననియు, పశువులను తోలివేయుదురనియు పలువురు నమ్ముచున్నారు. శాసనమున నట్టిదేమియు లేదు. కేంద్రప్రభుత్వ శాఖలు తాము స్వయముగా జేయునవిగాని, ధనమిచ్చి చేయించునవిగాని, అనుమతి యిచ్చునవిగాని యగు పనులవలన ఆ నేల చెడకుండునట్లు మీ శాఖతో ముందుగా సంప్రదింపవలెనన్నదే దాని సారము. కేంద్రముతో సంబంధమేమియు లేక తన సొమ్ముతో తన పొలమున కంచె వేసికొను రైతునకు గీతవలన కొత్తగా వచ్చు నిర్బంధమేదియు లేదు. ఇంత స్వల్పమైన యధికారము గలిగిన గీత యింత కలహమునకు మూలమగుటకు గారణము, దాని లోపల భూమికన్న నీరే యెక్కువగా నుండుట యని నా యనుమానము. నైరుతి దేశమున భూమిని గూర్చి రాజీపడువారుందురు గాని నీటిని గూర్చి పడువారు లేరు.

ఈ గీత యెన్నిమార్లు ముడుచుకొని యెన్నిమార్లు విప్పుకొన్నదో చూచినవారికి మీ శాఖపై జాలియే కలుగును. 1997లో మొదటిసారి 599 మైళ్ల నదీతీరము దానిలోనికి వచ్చెను. న్యూ మెక్సికో పశుపోషకుల సంఘము వ్యాజ్యమాడగా, ఆర్థికఫలితముల లెక్క సరిగా వేయలేదని డెన్వరులోని పదవ పరిధి అప్పీలు న్యాయస్థానము 2001లో దానిని కొట్టివేసెను. 2005లో మరల 737 మైళ్లు. అది చాలదని వేరొక వ్యాజ్యము. 2011లో 2,090 మైళ్లకు ప్రతిపాదన. చర్చలును మినహాయింపులును ముగిసిన పిమ్మట 2013 జనవరిలో కాలిఫోర్నియా, అరిజోనా, న్యూ మెక్సికో, నెవాడా, యూటా, కాలరాడో రాష్ట్రములలో 1,227 మైళ్లు, అనగా 2,08,973 ఎకరములు ఖాయమయ్యెను. అంతటితో నాగక, అసలీ పిట్ట ప్రత్యేకమైన యుపజాతియే గాదు, పట్టికనుండి తొలగింపుడని 2015లో అర్జీ వచ్చెను. 2017 చివర మీ శాఖ విచారించి, ఉపజాతియే, తొలగింప వలను పడదని నిర్ణయించెను. ఆ నిర్ణయము నేను సంతోషముతో చదివితిని గాని, ఇన్నేండ్ల వ్యాజ్యములలో నెవ్వరును గట్టిగా వాదింపని సంగతి యొకటి నాకు బోధపడినది. వాదులును ప్రతివాదులును గీత ఎంత పొడవుండవలెనన్నదే తర్కించిరి. నది కదలునదన్న విషయము వారి వాదములలో దాదాపు రాదు.

విల్లో, కాటన్‌వుడ్ చెట్ల జన్మవృత్తాంతము తెలిసినవారికి ఈ మాట యర్థమగును. కొండలమీద మంచు కరగి వసంతమున వరద వచ్చి, అది తగ్గుముఖము పట్టు దినములలోనే ఆ చెట్ల గింజలు దూదిపింజలవలె గాలికి లేచును. ఆ గింజలకు ఆయువు కొద్ది వారములే. ఆ స్వల్పకాలములో వరద కడిగి విడిచిన బోడిగట్టుమీద, తడి యొండ్రు దొరికినచోనే మొలక యెత్తును; ఎత్తిన పిమ్మట, నేలలోని నీటిమట్టము వేరు సాగు వేగమును మించక మెల్లమెల్లగా దిగవలెను; వేగముగా దిగినచో మొక్క మాడును, మరుసటి వరద ముందుగా వచ్చినచో గొట్టుకొనిపోవును. ఇన్ని యనుకూలములు గూడిన యేట ఒక్కసారిగా లేత తోపు లేచును. నాలుగైదేండ్లలో అది కొమ్మ కొమ్మ పెనవేసికొని ఈగపిట్టకు తగిన దట్టమైన పొదయగును. మరికొన్ని యేండ్లకు చెట్లు పెరిగి, క్రింది కొమ్మలు రాలి, నీడ పలుచనై, పిట్ట దానిని విడిచి వేరొక లేత తోపును వెదకుకొనును. ముదురు తోపును చెరిపి మరల బోడిగట్టును జేయునది గూడ వరదయే. అనగా ఏ వరద గూళ్లను గొట్టుకొనిపోవునో, అదియే రాబోవు గూళ్లకు స్థలము నేర్పరచును. ఆనకట్ట కట్టి వరదను నిలిపినవాడు నేటి గూటిని గాపాడి రేపటి గూటిని హరించుచున్నాడు.

గోదావరి లంకలలో పుట్టి పెరిగినవారికి ఇది క్రొత్త సంగతి గాదు. ఒక వరదకు లంక తలయెత్తును, మరియొక వరదకు దాని కొన కోసుకొనిపోయి ఆవలిగట్టున మేట వేయును; గతవత్సరపు కొలతలు చేతబట్టుకొని లంకభూమిలో హద్దురాయి వెదకు అధికారిని జూచి రైతులు నవ్వుకొందురు. మీ పటములు వ్రాయువారికి ఈ జ్ఞానము లేదనను. గీత యొక్క వెడల్పును నూరేండ్లకొకసారి వచ్చు వరద ముంపుమేరతో కొలిచినది మీ శాఖయే; పిట్ట యీ యేట గూర్చుండిన పొదను గాక, ఏటికి గల కదలికను దృష్టిలో నుంచుకొని చేసిన ఆ పని మిక్కిలి వివేకవంతమైనది. నా బాధ యెచ్చటననగా, వెడల్పునందు జూపిన ఆ వివేకము పొడవునందు నిలువకపోవుటయే. పిట్ట యిప్పుడున్న ముక్కలను గీతలో జేర్చి, వాని నడుమ పిట్ట లేని ముక్కలను, రేపు తోపు లేవవలసిన ముక్కలను, వ్యాజ్యభయము చేతనో మొగమోటము చేతనో విడిచిపెట్టినచో నది తునకలగును. తునకలైన నదిలో పిట్ట పోవుటకు చోటుండదు.

రూజ్‌వెల్ట్ జలాశయమున జరిగినదే ఇందుకు తార్కాణము. ఆనకట్టను 1996లో 77 అడుగుల యెత్తు పెంచిరి. కాని ఆ తరువాతి యేండ్లు వానలు లేని యేండ్లు. నీరు నిండవలసినచోట నేల తేలెను. సాల్ట్ నదియు, టాంటో వాగును జలాశయములో గలియు రెండు కొనలలోను, తేలిన యొండ్రుమీద విల్లోలును, టామరిస్కు అను పరదేశి చెట్లును తామరతంపరగా మొలచి, కొద్దియేండ్లలోనే యది ఈ పిట్టకు దేశమునందలి పెద్ద నెలవులలో నొకటి యయ్యెను. జలాశయపు కడుపులో, పటముమీద నీలిరంగు పూసినచోట, అంతరించుచున్న పిట్ట పిల్లలను బెంచుకొనుచుండెను. 2005 ఆరంభమున వానలు కురిసినవి, నీరు నిండినది, తోపులు మునిగినవి. నగరములో మేము నీటిమట్టము పెరిగినదని సంతోషించితిమి, సంతోషింపవలసినదే. ఆ పిట్టల కాళ్లకు రంగుల కడియములు తొడిగి పదేండ్లపాటు వాని రాకపోకలను గనిపెట్టిన శాస్త్రజ్ఞులు చెప్పినదేమనగా, అవి యొక పొదకు కట్టుబడినవి గావు, ఒక నదీలోయలో తోపునుండి తోపునకు మారుచు, లేత తోపులు లేచినచోటికి చేరుకొనునవి యని. మునిగిన తోపునకు బదులు వేరొక తోపు సమీపమున సిద్ధముగా నుండుటయే వాని బ్రతుకు. ఆ వేరొక తోపునకు నేడు పిట్ట లేదు గదా యని దానిని గీతవెలుపల నుంచుట, వానకాలము వచ్చువరకు గొడుగు కొనగూడదనువాని లెక్క.

కదలునది నది పైభాగము మాత్రమే గాదు. మెక్సికోలోని సొనోరా రాష్ట్రమున బుట్టి ఉత్తరముగా అరిజోనాలోనికి పారు సాన్ పెడ్రో నదికి ఆనకట్ట లేదు; దాని తీరమును కాంగ్రెసు 1988లో సంరక్షణప్రాంతముగా జేసినది; గట్టుమీద గొడ్డలి పడదు. అయినను దాని ప్రవాహము సన్నగిల్లుచున్నదన్న యాందోళన తీరలేదు. కారణము గట్టునకు మైళ్లదూరమున, సియెరా విస్టా పట్టణమునను, ఫోర్ట్ హువాచూకా సైనికస్థావరమునను, వాని చుట్టుప్రక్కల బావులలోను తోడుచున్న భూగర్భజలము. విల్లో వేరునకు అందవలసిన తడి అడుగునుండి జారిపోవుచుండగా పైన గీసిన గీత యేమి చేయగలదు? ఆవాసమునకు మూలమైన లక్షణములలో దట్టమైన పొదను, పురుగుల సమృద్ధిని మీ ప్రకటన వర్ణించినది. నీటిమట్టము ఎంతలోతునకు దిగినచో ఆవాసము చెడినట్లో గూడ ఆయా నదులకు వేర్వేరుగా నిర్ణయించి ప్రకటింపుడని నా ప్రార్థన. అప్పుడే దూరముననున్న కేంద్రశాఖ యొకటి బావి త్రవ్వునపుడు, నా పని గట్టుమీద లేదు గదా యను సాకు చెల్లకుండును.

ఇక టామరిస్కు కథ. దానిని విడిచి ఈ విషయము చెప్పినచో అర్ధసత్యమే యగును. యూరప్, ఆసియా ఖండములనుండి పందొమ్మిదవ శతాబ్దిలో అలంకారమునకును, గాలికి చాటుగాను, గట్టు కోత నాపుటకును దెచ్చి నాటిన ఈ చెట్టు, ఆనకట్టలవలన వసంతపు వరదలు తప్పిపోయిన నదులవెంట రాజ్యమేలినది. విల్లో గింజకు కొద్ది వారములే గడువైనచో, టామరిస్కు గింజలు వేసవి యంతయు రాలుచుండును, ఉప్పునేలను సైతము సహించును. నదుల నీరంతయు నదియే త్రాగివేయుచున్నదని దానిపై నేరము మోపిరి. ఆ నేరారోపణలో అతిశయోక్తి పాలు ఎక్కువయని తరువాతి పరిశోధనలు తేల్చినవి. అప్పటికే దానిని తినివేయు పెంకుపురుగును ఆసియానుండి దెప్పించి, 2001లో బహిరంగముగా విడిచిరి. దక్షిణమున పగటి నిడివి దానికి సరిపడదు గావున ఈగపిట్టలున్న తావులకు అది పోనేరదని భరోసా ఇచ్చిరి. విల్లోలు పోయినచోట్ల ఈగపిట్ట గత్యంతరము లేక టామరిస్కులలోనే గూళ్లు కట్టుకొనుచున్నదని అందరికిని తెలియును. పురుగునకు భరోసాలు తెలియవు. 2006లో యూటాలోని సెయింట్ జార్జి సమీపమున విడిచినది వర్జిన్ నది వెంట దిగసాగినది; పగటి నిడివితో దానికిగల యొప్పందము తరతరమునకు మారుచు, ఎప్పుడు శీతనిద్రకు బోవలెనో క్రొత్తగా నేర్చుకొని, దక్షిణమునకు ప్రాకినది. పిట్ట గూటిలో గ్రుడ్లను పొదుగుచుండగా నడివేసవిలో చెట్టుకు ఆకు లేకుండ బోవుట, ఆ యెడారి యెండలో, ఎట్టి యుపద్రవమో ఊహింపవచ్చును. 2010లో వ్యవసాయశాఖవారు ఆ కార్యక్రమమును విరమించిరి; విడిచిన పురుగు మాత్రము విరమింపలేదు.

దీనివలన నేను గ్రహించినది మీకు మనవి చేయుదును. స్వదేశీయమా విదేశీయమా యన్న విచారణ చెట్టు విషయమున ప్రధానమగునేమో గాని, గూటి విషయమున ప్రధానము గాదు. పరదేశి చెట్టన్న పేర టామరిస్కు తోపులను గీతనుండి తప్పింపుమని కోరువారున్నారు. అవి యున్నంతకాలము అవియు ఆవాసమే. విల్లోలు నాటి, వానికి నీరు పట్టి, అవి దట్టమైన పిదపనే టామరిస్కును తొలగింపవలెనన్న క్రమము మీ శాఖ అనుమతులన్నింటిలోను షరతుగా నుండవలెను. ముందు నరుకుదుము, పిదప నాటుదుము అనువారి నాటుట యెన్నడును బడ్జెటులో మిగులదు. ఇది మీ దేశమునకే ప్రత్యేకమైన జాడ్యము గాదులెండు.

పశుపోషకుల పక్షమున రెండు మాటలు చెప్పక విడుచుట అన్యాయము. నదిలోనికి పశువులను ఏడాది పొడవున విడిచినచో లేత విల్లో మొలక బ్రతుకదు, అది నిజము. కాని న్యూ మెక్సికోలో హీలా నది లోయయందు, క్లిఫ్ అను పల్లె దగ్గర, పశువులు మేయు పెద్దక్షేత్రమొకదానిలో, సాగునీటి పంటకాలువల వెంట, విల్లోలలో గాక బాక్స్ ఎల్డర్ చెట్ల యెత్తైన కొమ్మలలో ఈ పిట్టలు పెద్దసంఖ్యలో గూళ్లు కట్టుకొన్నవి. గ్రంథములలో వ్రాసిన లక్షణములు పిట్ట చదివినట్లు లేదు. కావున పశువు కనబడిన ప్రతిచోటను శత్రువు కనబడినట్లు భావించు పక్షిప్రియులతోను నాకు పేచీ గలదు. ఏ కాలమున, ఎన్ని పశువులు, ఎన్ని దినములు అన్నది నదికి నదికి వేరుగా తేల్చవలసిన లెక్క. దానిని తేల్చుటకు ఆ లోయలోనే నివసించువాని మాట వినవలెను.

మా దేశమున నిట్టి గీత యొకటి పడిన వృత్తాంతము మీకు కొంత యుపకరింపవచ్చును. కడప మండలమున పెన్నా లోయ చిట్టడవులలో కలివికోడి యను పక్షి కలదు. 1900 ప్రాంతమునుండి యెవ్వరికిని గానరాక, అంతరించినదని గ్రంథములు నిశ్చయించిన పిదప, 1986 జనవరిలో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారికి, స్థానికుడైన యొక వేటగాని సాయముతో మరల దొరకెను. ఆ పిమ్మట లంకమల కొండలలో దానికొక అభయారణ్యము గీతగీసి యేర్పరచిరి. కొన్నేండ్లకు, కృష్ణానీటిని రాయలసీమకును చెన్నపట్టణమునకును గొనిపోవు తెలుగుగంగ కాలువ దారి ఆ పక్షి తిరుగు నేలలోనికి వచ్చెను. వివాదము రేగి, కాలువ దారి మార్చిరి. త్రాగునీటి కాలువ ఒక పక్షికొరకు ప్రక్కకు జరుగుట మా రాష్ట్రమున తరచుగా జరుగు పని గాదు గనుక దానిని తలచుకొన్నప్పుడు నాకు గర్వము కలుగును. కాని గీతలోపలి నేలను గూర్చి శాస్త్రజ్ఞులు చెప్పిన సూక్ష్మము కాలువ కన్న కఠినమైనది: ఆ పక్షికి మరీ దట్టమైన చిట్టడవియు పనికిరాదు, మరీ బోడినేలయు పనికిరాదు, మేకలు కొంత మేసి, కట్టెలు కొంత కొట్టుకొనగా మిగిలిన నడిమితరము కంపయే కావలెను. కంచె వేసి తాళము బిగించినంతమాత్రమున అట్టి నేల దక్కదు. దానిని ఏటేట చూచుకొనవలెను. ఏటిపిట్టకును మెట్టపిట్టకును ఈ యొక్కవిషయమున భేదము లేదు.

ఇప్పుడీ లేఖ వ్రాయుటకు తక్షణకారణమైన సంగతికి వచ్చెదను. 2018లో మీ అత్యున్నత న్యాయస్థానము, లూయీసియానాలోని యొక నేలను ఒక కప్పకు ఆవాసముగా నిర్ణయించిన విషయమై తీర్పు చెప్పుచు, అత్యావశ్యక ఆవాసము మొదట ఆవాసమై యుండవలెనని సెలవిచ్చెను. తర్కమునకు నిలుచు మాటయే. దానిని బట్టి 2020 చివర మీ శాఖ ఆవాసమునకు నిర్వచనము వ్రాసి, ప్రస్తుతముగాని అప్పుడప్పుడుగాని జీవికి గావలసిన వసతులు గలచోటని చెప్పెను. బాగుచేసినచో ఆవాసము గాగల నేలకు మాత్రము దానిలో తావు దొరకలేదు. 2022లో ఆ నిర్వచనమును రద్దుచేసిరి. జీవి లేని నేలను గీతలో జేర్చుటకు 2019లో బిగించిన నిబంధనలను 2024లో సడలించి, 2025 నవంబరులో మరల బిగింపదలచినట్లు ప్రకటించిరి. అదే సంవత్సరము ఏప్రిలులో, ఆవాసమును ధ్వంసము చేయుటయు జీవికి హాని చేయుటయే యని చెప్పు పాత నియమమును, 1995లో అత్యున్నత న్యాయస్థానము సమర్థించిన నియమమును, తొలగింప ప్రతిపాదించిరి. గూటిలోని పిట్టను జంపుట నేరము, పిట్ట వలసపోయిన శీతకాలమున గూడున్న తోపును నరకుట నేరము గాదు అన్న యర్థము వచ్చు శాసనవ్యాఖ్య, ఏడాదిలో సగముకాలమునకు పైగా పరదేశమున నుండు ఈ పిట్ట విషయమున నెట్టిదగునో మీరే యోచింపుడు.

నిబంధన ఎటు తిరిగినను, అప్పుడప్పుడు అన్న ఆ మాటను మీరు విడువరాదు. ఎడారి నదికి అదియే స్వభావము. 1916లో ముగిసిన ఎలిఫెంట్ బ్యూట్ జలాశయము రియో గ్రాండ్ మీద కుంచించుకొనిపోయినప్పుడు దాని పైకొనలో లేచిన తోపులు, ఈ పిట్టకు నేడు అన్నింటికన్న పెద్దదైన నెలవులలో నొకటి. నిండుజలాశయమును జూచినవాడు అచ్చట ఆవాసము లేదనును, ఎండినదానిని జూచినవాడు కలదనును. ఇద్దరును సత్యమే పలికిరి. మీ పటము ఇద్దరికిని చోటీయవలెను.

కడపట మినహాయింపులను గూర్చి. ఆదివాసి జాతులు తమ భూములను తామే చూచుకొందుమని ప్రణాళికలు సమర్పించినప్పుడు వారిని గీతనుండి మినహాయించుట న్యాయమనియే నా యభిప్రాయము. ఆ నదులతో వారి సహవాసము మీ శాఖ కన్న, మీ దేశపు రాజ్యాంగము కన్న పురాతనమైనది. జలాశయముల సంగతి వేరు. రూజ్‌వెల్ట్ జలాశయమునకు 2003లో సాల్ట్ నది సంస్థతో కుదిరిన సంరక్షణ ఒప్పందమును, దిగువ కాలరాడో నదికి 2005లో కుదిరిన బహుజీవి సంరక్షణ ప్రణాళికను చూపి, ఆ భాగములను గీతనుండి తప్పించిరి. ఆ ఒప్పందములు చెడ్డవి గావు. మునుగు తోపులకు బదులు వేరుచోట్ల భూములు కొని, తోపులు పెంచి, పిట్టలను లెక్కించుచు, ధనము వెచ్చించుచున్నారు. కాలరాడో తీరమున 8,132 ఎకరముల ఆవాసమును నిర్మింప సంకల్పించిరి. అయితే వాని గడువు ఏబదేండ్లు. మినహాయింపునకు మాత్రము గడువు వ్రాయలేదు. 2053లో మొదటి ఒప్పందము ముగిసిననాడు, కొత్త గీత గీయుటకు మరల ప్రతిపాదన, మరల విచారణ, మరల వ్యాజ్యము, వెరసి పదియేండ్లు పట్టునని ఇదివరకటి చరిత్రయే చెప్పుచున్నది. కావున మీరు చేయబోవు సవరణములో, ఒప్పందము ముగిసిన లేక మీరబడిన దినముననే ఆ నదీభాగము తనంతట గీతలోనికి వచ్చునట్లొక వాక్యమును జేర్చి, ప్రతి మినహాయింపు ప్రక్కను దాని తేదీని రాజపత్రమున ముద్రింపుడు. ఆ జలాశయపు నీరు త్రాగు మేము, మా పిల్లలు, ఆ తేదీని చదువుకొని గుర్తుంచుకొనునట్లు ముద్రింపుడు.

భవదీయుడు,
సాల్ట్ నదీలోయ వాసి